రెండుసార్లూ రైటింగ్‌లో ఆరే వచ్చింది... నాకిక ఇంగ్లీషు రాదా సార్?

కడప జిల్లా నుంచి ఒక నర్సమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దని కోరింది. ఆరు పేజీల ఉత్తరంలోంచి విషయం తెలియడానికి కావలసినంత మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెకు ఇరవై ఏడేళ్ళు. పదో తరగతి దాకా ఊళ్ళోని జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియం, తర్వాత బీయస్సీ నర్సింగ్. కడప టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. తండ్రి లేడు. తల్లి పదకొండేళ్ళుగా కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తూ ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఇప్పుడామెకు మోకాళ్ళ నొప్పులు. తను ఇంగ్లండు వెళ్ళి నర్సుగా చేరితే అమ్మను ఇంటికి పిలిపించేయొచ్చని ఈ అమ్మాయి ఆశ.

అందుకని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాసింది. నాలుగు నెలల కిందట రాసినదాంట్లో లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 7 వచ్చాయి. రైటింగ్ మాత్రం 6, కావలసింది 6.5. అంతకు ముందుసారీ రైటింగ్‌లో ఆరే. కోచింగ్ సెంటర్లో ఎనిమిది వ్యాసాలు బట్టీ పట్టించారట, ఏ ప్రశ్న వచ్చినా అందులో ఒకటి అతికిస్తే సరిపోతుందని. ప్రాక్టీసు పేపర్ల మీద అక్కడి సారు ఎర్రసిరాతో రెండే ముక్కలు రాసేవారట: ‘నో వెరైటీ’, ‘వేర్ ఈజ్ ద టాపిక్ సెంటెన్స్?’ అవంటే ఏమిటో, ఎట్లా తెచ్చుకోవాలో ఏనాడూ చెప్పలేదు. అడిగితే ‘పేపర్ చదవమ్మా, అదే వస్తుంది’ అన్నారట.

అన్న ఇక చాలంటున్నాడు. బంధువొకాయన ఇంటిపని వీసా ఇప్పిస్తానంటున్నాడు, ముందు కువైట్ చేరుకుంటే తర్వాత ఆసుపత్రిలో పని వెతుక్కోవచ్చని ఆయన సలహా. వార్డులో తోటి నర్సు ఐఈఎల్‌టీఎస్ మానేసి, వైద్యరంగంలో పనిచేసేవాళ్ళ కోసం పెట్టే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష రాయమంటోంది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ‘నువ్వు చదువుకో నాయనా, నేనింకో రెండేళ్ళు ఇక్కడే ఉంటా’ అంటుందట. ‘ఆ మాట విన్న రోజు నాకు బువ్వ దిగదు సార్’ అని రాసింది. చివర్లో తను రాసిన ఒక పేరా జతచేసి మూడు ప్రశ్నలు అడిగింది: నా బుర్ర ఇంతేనా? మూడు నెలల్లో బాగుపడే మార్గముందా? పరీక్ష మార్చాలా, దేశం మార్చాలా?

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి విషయం కోసం. రెండోసారి నువ్వెట్లా రాశావో చూడటం కోసం.

ముందు బుర్ర సంగతి తేల్చేద్దాం. నీ ఉత్తరం మూడో పేజీలో ఈ వాక్యం ఉంది: ‘నైట్ డ్యూటీ దిగి బస్సులో నిద్రపోతూ ఊరు దాటిపోయి, వెనక్కి నడిచొచ్చి, స్నానం చేసి పుస్తకం తీస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడతాయి సార్.’ ఒక్క వాక్యంలో ఐదారు పనులు. ఏది ముందో ఏది వెనకో, ఏది ఎందుకు జరిగిందో ఎక్కడా తికమక లేదు. చిన్న పనులన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి, అసలు బాధ చివరికి వచ్చింది. ఈ వాక్యం కట్టగలిగిన మనిషికి సెంటెన్స్ వెరైటీ రాదంటే నేను ఒప్పుకోను. అది నీకు తెలుగులో పుట్టుకతో వచ్చింది. ఇంగ్లీషు దగ్గరికి పోయేసరికి దాన్ని గుమ్మం బయట వదిలేసి పోతున్నావు.

ఇప్పుడు నీ పేరా చూద్దాం. చదివేవాళ్ళ కోసం తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను.

‘నర్సస్ ఆర్ ప్లేయింగ్ అ వైటల్ రోల్ ఇన్ దిస్ మోడర్న్ ఎరా. నర్సస్ ఆర్ వర్కింగ్ డే అండ్ నైట్. నర్సస్ ఆర్ నాట్ గెట్టింగ్ గుడ్ శాలరీ. సో నర్సస్ ఆర్ గోయింగ్ టు అదర్ కంట్రీస్. బికాజ్ దేర్ శాలరీ ఈజ్ గుడ్. విలేజ్ హాస్పిటల్స్ ఆర్ సఫరింగ్.’

స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు. నువ్వు చెప్పాలనుకున్నది విలువైన మాట కూడా. కానీ ప్రతి వాక్యం మొదటి రెండు మాటల కింద పెన్సిలుతో గీత గీసి చూడు. ఆరింట మూడు ‘నర్సస్ ఆర్’ అని మొదలయ్యాయి, నాలుగోదానికి ముందు ఒక ‘సో’ తగిలించావు. మాటలు లెక్కపెట్టు. మొదటిది వదిలేస్తే అన్నీ నాలుగు నుంచి ఏడు మాటల లోపే. వార్డులో మంచాలు వరసగా వేసినట్టున్నాయి, అన్నీ ఒకే ఎత్తు. ఏ మంచం మీద ప్రాణాపాయంలో ఉన్న మనిషి పడుకున్నాడో దూరం నుంచి చూసేవాడికి తెలియదు. మీ సారు రాసిన ఎర్రసిరా ముక్కలు రెండూ చెబుతున్నది ఈ ఒక్క సంగతే. ‘నో వెరైటీ’ అంటే నీ వాక్యాల్లో ఏ విషయం పెద్దదో ఏది చిన్నదో తేలలేదని. ‘టాపిక్ సెంటెన్స్ ఏది’ అంటే నీ పేరాలో ఏ వాక్యం పెద్దదో తేలలేదని. రెండు రోగాలనుకుని నువ్వు భయపడుతున్నావు గానీ, ఉన్నది ఒకటే.

వెరైటీ అంటే అలంకారమని చాలామంది పిల్లలు అనుకుంటారు. ‘మోర్‌ఓవర్’, ‘ఫర్దర్‌మోర్’, ‘లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్’ అని ప్రతి వాక్యానికీ ఒక పూసగుచ్చుతారు. గుచ్చినంత మాత్రాన వాక్యం మారదు, దాని మెడలో దండ మాత్రం పడుతుంది. వెరైటీ వచ్చేది సంబంధాల నుంచి. ఇది జరిగింది కాబట్టి అది, ఇది జరిగినా అది జరగలేదు, ఇది జరుగుతుండగా అది. ఆ సంబంధం నీకు తెలిస్తే వాక్యం ఆకారం దానంతటదే మారుతుంది.

ఆ సంబంధాలను తెలుగు క్రియ తన తోకలో దాచుకుంటుంది. ఇది నువ్వు బాగా పట్టించుకోవలసిన విషయం, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ‘మందు వేసినా జ్వరం తగ్గలేదు’ అంటాం. ఆ ‘నా’ అనే చిన్న దీర్ఘంలోనే ఇంగ్లీషు ‘ఆల్దో’ మొత్తం ఉంది: ‘ఆల్దో వి గేవ్ ద మెడిసిన్, ద ఫీవర్ డిడ్ నాట్ కమ్ డౌన్.’ ‘జ్వరం పెరిగితే పిలవండి’ అన్నప్పుడు ఆ ‘తే’ ఇంగ్లీషులో ‘ఇఫ్’. ‘నడుస్తూ పడిపోయాడు’లో ‘తూ’ ఇంగ్లీషులో ‘వైల్’. ‘బీపీ చూసి డాక్టరును పిలిచాను’ అంటే ‘ఆఫ్టర్ చెకింగ్ ద బీపీ, ఐ కాల్డ్ ద డాక్టర్’. ‘నిన్న చేరిన పేషెంటు’ అంటే ‘ద పేషెంట్ హూ వాజ్ అడ్మిటెడ్ ఎస్టర్‌డే’. మనకు తోకలో ఉన్నది వాళ్ళకు తలలోకి వస్తుంది. మనం పేరుకు ముందు పెట్టే ‘చేరిన’ వాళ్ళకు పేరు వెనక ‘హూ’ అయి చేరుతుంది. తేడా ఇంతే. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ తోకకు సరిపడే మాట వెంటనే దొరక్క, దాన్ని తెంచేసి ఫుల్‌స్టాప్ పెట్టేస్తాం. అందుకే ఇంటి దగ్గర ఇంత పొడుగు వాక్యాలు అలవోకగా చెప్పే పిల్లలు ఇంగ్లీషులో ఒకటో తరగతి వాచకంలాగా రాస్తారు.

నీ ‘బికాజ్’ వాక్యం కూడా అట్లా పుట్టినదే. తెలుగులో మనం ‘నర్సులు పరాయి దేశాలకు పోతున్నారు. ఎందుకంటే అక్కడ జీతం బాగుంటుంది’ అని రెండు వాక్యాలుగా చెప్పుకోవచ్చు, తప్పు లేదు. ఇంగ్లీషులో ‘బికాజ్’ ఒంటరిగా నిలబడలేదు. దాని కారణం ఎవరికి చెందిందో ఆ వాక్యం చెయ్యి పట్టుకునే ఉండాలి. ‘ఆల్దో’ అని మొదలుపెట్టాక మధ్యలో ‘బట్’ రాకూడదు, ‘బికాజ్’ అన్నాక ‘సో’ రాకూడదు. ఒక ముడికి ఒక తాడు చాలు. ఇంకోటి, నీ పేరాలో క్రియలు దాదాపు అన్నీ ‘ఆర్ వర్కింగ్’, ‘ఆర్ గోయింగ్’ అని ఉన్నాయి. ‘పనిచేస్తున్నారు’ అన్న మన మాట నీడ అది. ఎప్పుడూ జరిగే పనికి ఇంగ్లీషులో ‘వర్క్’, ‘గో’ అంటే సరిపోతుంది.

ఒక జాగ్రత్త. ‘బీపీ చూసి డాక్టరొచ్చాడు’ అంటే బీపీ చూసింది డాక్టరే అని అర్థం కదా? ‘ఆఫ్టర్ చెకింగ్ ద బీపీ, ద డాక్టర్ కేమ్’ అన్నా అంతే. చూసింది నువ్వైతే కామా తర్వాత ‘ఐ’ రావాలి. ఈ తప్పు ఇంగ్లీషు మీడియం పిల్లలూ విరివిగా చేస్తారు. నీకు తెలుగు చెవి గట్టిది కాబట్టి ఆ వాక్యాన్ని ఒకసారి లోలోపల తెలుగులో అనుకుంటే వెంటనే దొరికిపోతుంది.

ఇక టాపిక్ సెంటెన్సు, అంటే పేరాలో అసలు మాట చెప్పే వాక్యం. ఇక్కడ మాత్రం మన అలవాటు నిజంగానే అడ్డం వస్తుంది. మా జేజి ఎద్దును అమ్మిన సంగతి చెప్పాలంటే ఆ ఏడు వాన ఎప్పుడు పడిందో అక్కడ మొదలుపెట్టేది. వాన, బుడ్డల పంట, అప్పు, సంత, చివరికి ఎద్దు. వినేవాళ్ళకు చివర్లో గుండె కలుక్కుమనేది. వేమన పద్యమూ అంతే. ఉప్పూ కప్పురం చూపుకు ఒక్కతీరుగా ఉంటాయంటాడు, రుచి చూస్తే వేరంటాడు, మనుషుల్లో మంచివాళ్ళు కూడా అట్లాగే వేరన్న అసలు మాటను మూడో పాదం దాకా అట్టే పెడతాడు. ముందు దృష్టాంతం, తర్వాత సారం. అది మన చెప్పే పద్ధతి, గొప్ప పద్ధతి. దాన్ని తక్కువ చేసుకుని నువ్వు ఇంగ్లీషు నేర్చుకోవలసిన పని లేదు.

పరీక్షలో అడిగే ఇంగ్లీషు పేరా దీనికి తలకిందులు. ముందు సారం, తర్వాత దృష్టాంతం. ఇంగ్లీషులో గొప్పగా రాసేవాళ్ళు అసలు మాటను పేరా మధ్యలోనో చివర్లోనో కూడా పెడతారు, కొన్నిసార్లు పెట్టకుండానే తెలిసేట్టు చేస్తారు. నలభై నిమిషాల్లో 250 మాటలు రాయాల్సిన నువ్వు మొదటి వాక్యంలోనే పెట్టు. గడియారం నడుస్తుండగా అదే భద్రం.

అయినా ఇది నీకు కొత్త కాదు. పొద్దున డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి నర్సుకు హ్యాండోవర్ ఎట్లా ఇస్తావు? ‘ఏడో నంబరు బెడ్డు, రాత్రంతా ఊపిరి ఆడటం కష్టమైంది’ అని మొదలుపెడతావా, లేక ఆయన ఏ ఊరివాడో, ఎప్పుడు చేరాడో అక్కడి నుంచా? నర్సింగులో ఎస్‌బార్ నేర్పే ఉంటారు: సిచువేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్. ఇప్పుడేం జరుగుతోంది, దాని వెనక ఏముంది, నువ్వేమనుకుంటున్నావు, ఏం చేయాలంటావు. అందులో ‘ఎస్’ ఉందే, అదే నీ టాపిక్ సెంటెన్సు. దాని మీదే వినేవాళ్ళ చెవి నిలబడుతుంది. తర్వాత వచ్చే బీపీ, పల్సు, వాడిన మందులు అన్నీ ఆ ఒక్క మాటను నిలబెట్టడానికి వస్తాయి. దానికి సంబంధం లేనిది హ్యాండోవర్‌లో చెప్పవు. పేరాలోనూ రాయకు.

మంచి టాపిక్ సెంటెన్సుకు కొలత ఒకటుంది. అది చదవగానే చదివేవాడికి ‘ఎందుకు?’ అనో ‘ఎట్లా?’ అనో ఒక ప్రశ్న పుట్టాలి. ‘నర్సస్ ప్లే అ వైటల్ రోల్’ అంటే ఎవడికీ ఏ ప్రశ్నా పుట్టదు, ఔను అనుకుని ఊరుకుంటాడు. అది మరీ వెడల్పు. ‘మా వార్డులో రాత్రి ఇద్దరు నర్సులున్నారు’ అంటే చెప్పడానికి ఇంకేమీ మిగలదు. అది మరీ ఇరుకు. నీ పేరాలో నువ్వు నిజంగా చెప్పదలచుకున్నది చివరి వాక్యంలో ఉంది, పల్లె ఆసుపత్రులు దెబ్బతింటున్నాయని. మా జేజి లాగే చివరికి పెట్టావు. దాన్ని ముందుకు తీసుకురా. నీ మాటలతోనే, నీకు తెలిసిన ఇంగ్లీషుతోనే ఇట్లా అవుతుంది:

‘వెన్ ట్రెయిన్డ్ నర్సస్ లీవ్ ఫర్ బెటర్ పే అబ్రాడ్, విలేజ్ హాస్పిటల్స్ సఫర్ ఫస్ట్. అ నర్స్ హూ వర్క్స్ డే అండ్ నైట్ ఫర్ అ స్మాల్ శాలరీ హాజ్ గుడ్ రీజన్ టు గో. ఆల్దో హర్ ఫ్యామిలీ గెయిన్స్, ద హాస్పిటల్ షి లీవ్స్ మే నాట్ ఫైండ్ అనదర్ నర్స్ ఫర్ మంత్స్. ద పేషెంట్స్ వెయిట్.’

ఇందులో నువ్వు డిక్షనరీ తియ్యాల్సిన మాట ఒక్కటైనా ఉందా? ‘వైటల్ రోల్’ పోయింది, ‘మోడర్న్ ఎరా’ పోయింది. మొదటి వాక్యం చదివితే ‘ఎట్లా?’ అన్న ప్రశ్న పుడుతుంది, మిగతావి దానికి జవాబు. చివరి వాక్యం మూడే మాటలు. పొడుగు వాక్యాల తర్వాత వచ్చింది కాబట్టి ఆ మూడు మాటలకు బరువొచ్చింది. వెరైటీ అంటే అన్నీ పొడుగ్గా రాయడమని ఎవరైనా చెబితే నమ్మకు. పొట్టి వాక్యం కూడా కావాలి, దాని చోటు అది చూసుకుని రావాలి.

ఆ ఎనిమిది బట్టీ వ్యాసాల గురించి సూటిగా చెబుతున్నాను, పక్కన పెట్టు. ఐఈఎల్‌టీఎస్ రైటింగును నాలుగు కోణాల్లో కొలుస్తారు. అడిగినదానికి జవాబిచ్చావా, విషయం వరసగా నడిచిందా, పదాలు, వ్యాకరణం. నాలుగింటికీ సమాన వాటా. రెండో టాస్కుకు, అంటే వ్యాసానికి, మొదటిదానికంటే రెట్టింపు విలువ. వ్యాకరణంలో ఆరుకు సాదా వాక్యాలూ సంక్లిష్ట వాక్యాలూ కలిపి రాస్తే చాలు. ఏడుకు రకరకాల సంక్లిష్ట వాక్యాలు, వాటిలో తప్పుల్లేనివి తరచుగా కనపడాలి. వరసలో ఏడు రావాలంటే విషయం తర్కంగా ముందుకు సాగాలి, పేరాల విభజన దానికి తోడుపడాలి. ఆరు దగ్గర ఆగిపోయేవాళ్ళకు చెప్పే లోపాల్లో వాక్యాలను కలిపే మాటలు యాంత్రికంగా వాడటం ఒకటి. బట్టీ వ్యాసం నీకు నేర్పింది సరిగ్గా ఆ లోపమే. పైగా అతికించిన ముక్క అడిగిన ప్రశ్నకు సరిపోదు, బట్టీ అని పరీక్షకులకు తెలిసిపోతుంది. నీకు కావలసిన ఆ అర మార్కు ఈ రెండు చోట్లే ఉంది, వెరైటీలోనూ టాపిక్ సెంటెన్సులోనూ. మీ సారు రోగం సరిగ్గానే కనిపెట్టారు. మందు రాయలేదు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల పేపర్ల మీద ‘పూర్ స్టైల్’ అని రాసి వదిలేసేవాణ్ణి. ఆ పిల్లలు ఇంటికెళ్ళి ఆ రెండు మాటలతో ఏం చేసుకుని ఉంటారో అని ఇప్పుడు బాధగా ఉంటుంది. అందుకే నీకింత వివరంగా రాస్తున్నాను.

సాధన ఎట్లా చేయాలంటావు కదా. నైట్ డ్యూటీ చేసి వచ్చి రోజుకొక వ్యాసం రాయలేవు, రాయొద్దు కూడా. రోజుకొక పేరా. ఇరవై నిమిషాలు. నిద్ర లేచాక, పొయ్యి ముట్టించకముందు. మొదటి నెల పరీక్ష ప్రశ్నల జోలికి పోకు. నీకు బాగా తెలిసినవే రాయి. మన ఎర్రకారం దోసెను మన ఊళ్ళల్లో ఎందుకంత కారంగా తింటారు, పదకొండేళ్ళు పరాయి దేశంలో ఉన్న అమ్మతో ఫోన్లో మాట్లాడటం ఎట్లా ఉంటుంది, గండికోట చూడటానికొచ్చే వాళ్ళ వల్ల ఆ ఊరికి ఏం ఒరిగింది. ముందు అదంతా అమ్మకు ఫోన్లో చెబుతున్నట్టు తెలుగులో పైకి చెప్పు. చెప్పాక నిన్ను నువ్వే అడుగు, ఇందులో ఒక్క వాక్యమే మిగలాలంటే ఏది మిగలాలి? దాన్ని ఇంగ్లీషులో మొదట రాయి. తర్వాతే మిగతావి.

వారానికి రెండు రోజులు ఇంకో పని చేయి. డ్యూటీలో జరిగినదాన్ని ఐదారు పొడి వాక్యాలుగా రాసుకో. ‘పెద్దాయన రాత్రి చేరాడు. ఆయనకు షుగర్ ఉంది. కాలికి పుండు ఉంది. ఆయన నొప్పి చెప్పలేదు. కొడుకు చెప్పాడు.’ వీటిని మూడు వేరు వేరు రకాలుగా కలుపు. ఒకసారి కొడుకు చెప్పడం పెద్ద విషయం కావాలి, ఒకసారి పెద్దాయన చెప్పకపోవడం పెద్ద విషయం కావాలి, ఒకసారి పుండు. పెద్దది ప్రధాన వాక్యంలో ఉండాలి, మిగిలినవి ‘హూ’తోనో ‘ఆల్దో’తోనో ‘ఆఫ్టర్’తోనో దానికి ఆనుకోవాలి. ఒకే ఐదు సంగతులు మూడు కథలు చెబుతాయి. నా క్లాసులో ఈ ఒక్క అభ్యాసం చేసినంత మేలు ఏ గ్రామరు పుస్తకమూ చేయలేదు. పేషెంటు పేరు, బెడ్ నంబరు మాత్రం నోటు పుస్తకంలోకి రానివ్వకు. అది వాళ్ళ సొంత విషయం.

వారం చివర ఏడు పేరాల్లోని మొదటి వాక్యాలు మాత్రం మీ అన్నకు చదివి వినిపించు. ఒక్కోదానికి తర్వాత ఏం వస్తుందనుకుంటున్నాడో అడుగు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాకపోతే తెలుగులో చెప్పు, పరీక్షించేది విషయాన్నే. ఆయన చెప్పిందే నీ పేరాలో ఉంటే నీ టాపిక్ సెంటెన్సు సరిగ్గా ఉన్నట్టు. ఇంకో సంగతి కూడా జరుగుతుంది. నువ్వు చేస్తున్నదేమిటో ఆయన కళ్ళతో చూస్తాడు. ఇప్పుడాయనకు కనపడుతున్నవి పరీక్ష ఫీజులు మాత్రమే.

సెలవు రోజున ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ లైబ్రరీకి పోయి కూర్చో. ఇంట్లో దొరకని నిశ్శబ్దం అక్కడ దొరుకుతుంది. 1817లో మద్రాసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్న బ్రౌన్ అనే ఒక ఇంగ్లీషు కుర్రవాడు 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే పండితుల దగ్గర కూర్చుని మన భాషను సాధించాడు. నిఘంటువు రాసేంత సాధించాడు. నువ్వు చేయబోయేది అదే పని, దిక్కు మాత్రం వేరు.

ఇక నీ మూడో ప్రశ్న. ఇక్కడ నేను తీర్పు చెప్పను, ఒక్కో దారి ఎక్కడికి పోతుందో చెబుతాను. నిర్ణయం నువ్వూ అమ్మా తీసుకోండి.

ఐఈఎల్‌టీఎస్ మీదే నిలబడితే నీకొక సౌలభ్యం ఉంది. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ రైటింగులో అడిగేది 6.5, మిగిలిన మూడింట్లో 7. పన్నెండు నెలల లోపు రాసిన రెండు పరీక్షల మార్కులు కలుపుకోనిస్తారు, కలిపేటప్పుడు ఏ పరీక్షలోనూ రైటింగ్ 6 కంటే, మిగతావి 6.5 కంటే తగ్గకూడదు. అంటే నాలుగు నెలల నాటి నీ మార్కులు వృథా కాలేదు. ఈసారి రైటింగులో 6.5 తెచ్చుకుని మిగతావి 6.5కు తగ్గకుండా చూసుకుంటే సరిపోతుంది. ఫీజు కట్టే ముందు ఈ నిబంధన కౌన్సిల్ వెబ్‌సైటులో నీ కళ్ళతో ఒకసారి చూసుకో, కన్సల్టెన్సీ వాళ్ళ నోటిమాట మీద కట్టకు. ఇందులో నష్టం ఏమిటంటే గడువు. ఇంకా ఎనిమిది నెలలే ఉంది. ఆలస్యం చేస్తే నాలుగూ మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవాలి.

ఓఈటీ మంచి పరీక్షే, నర్సుల పనికి దగ్గరగా ఉంటుంది. కేస్ నోట్సు ఇస్తారు, వాటిని చదవడానికి ఐదు నిమిషాలు, ఇంకో డాక్టరుకో నర్సుకో 180 నుంచి 200 మాటల ఉత్తరం రాయడానికి నలభై నిమిషాలు. రైటింగులో సీ ప్లస్, మిగతా మూడింట్లో బీ రావాలి. ఫీజు ఐఈఎల్‌టీఎస్ కంటే బాగా ఎక్కువ. రాయాల్సిన విషయం నీకు పరిచయమైనదే కావడం దాని బలం. అయితే పొడి నోట్సును సంబంధాలు తెలిసేట్టు వాక్యాలుగా కలపడం, ఉత్తరం ఎందుకు రాస్తున్నావో మొదట్లోనే చెప్పడం, అక్కడా చూసేది ఇవే. పరీక్ష మార్చితే ఈ సాధన తప్పుతుందనుకుంటే తప్పదు. రెండు నెలలు పేరాలు రాశాక వ్యాసం ఇంకా నీ చేతికి రావడం లేదు, డ్యూటీ ఉత్తరాలు మాత్రం బాగా వస్తున్నాయి అనిపిస్తే అప్పుడు మారు. ఓటమికి భయపడి మాత్రం మారకు.

కువైట్ సంగతి. అక్కడికి నర్సుగా పోవడం గౌరవమైన దారే, మన జిల్లావాళ్ళు చాలామంది ఆ దేశం జీతంతో ఇళ్ళు కట్టుకున్నారు. నర్సు లైసెన్సు మీద, ప్రభుత్వం గుర్తించిన ఏజెన్సీ ద్వారా, నర్సు ఉద్యోగానికి పోతే నేను అడ్డు చెప్పను. మీ బంధువు చెప్పినట్టు ఇంటిపని వీసా మీద పోయి ఆసుపత్రిలో పని వెతుక్కోవడం మాత్రం వద్దు. ఆ వీసా ఆ ఇంటికి కట్టిపడేసే వీసా. దాని మీద ఉండగా ఆసుపత్రిలో పనిచేస్తే చట్టం ముందు తప్పు నీదే అవుతుంది. పైగా నర్సింగు నుంచి దూరమైన ప్రతి ఏడాదీ రేపు ఏ దేశానికి దరఖాస్తు పెట్టినా ఖాళీగా కనపడుతుంది. నిన్ను ఆ పనిలోకి రానివ్వకూడదనే మీ అమ్మ పదకొండేళ్ళు ఆ పని చేసింది. ఈ మాట మీ అన్నకు నువ్వు కాదు, అమ్మే చెబితే బాగుంటుంది. ఆయన చెడ్డవాడని నేననుకోవడం లేదు. చెల్లెలు మూడోసారి కూడా ఏడుస్తుందేమోనని ఆయన భయం.

అమ్మతో కూడా ఒకసారి తేల్చి మాట్లాడు. ‘ఇంకో రెండేళ్ళు ఉంటా’ అన్న మాట మోస్తూ రాస్తే ప్రతి వాక్యం నీకు భారంగానే ఉంటుంది. పరీక్ష తేదీ పెట్టుకుని, ఆ ఫలితం ఎట్లా వచ్చినా ఆమె ఎప్పుడు ఇంటికి రావాలో ఇప్పుడే ఇద్దరూ అనుకోండి. నీ మార్కుకూ ఆమె మోకాళ్ళకూ ఉన్న ముడిని ముందు విప్పండి. ఇక్కడి నర్సు జీతంతో ఇద్దరూ ఎట్లా గడుపుకోవచ్చో కాగితం మీద లెక్క వేసి చూడు. ఆ లెక్క ఇరుకుగా ఉండొచ్చు, అయినా ఉందని తెలిస్తే పరీక్ష హాల్లో చెయ్యి వణకదు.

మూడు నెలల్లో వస్తుందా అని అడిగావు. రోజూ రాస్తే అర మార్కు రావడానికి మూడు నెలలు సరిపోతాయని నా నమ్మకం. కొంతమంది పిల్లలకు రెండు నెలలకే వాక్యం తిరగడం చూశాను, కొంతమందికి ఆరు పట్టింది. నెల తర్వాత మొదటి రోజు పేరా, ముప్పయ్యో రోజు పేరా పక్కపక్కన పెట్టుకో. రెండింటిలోనూ వాక్యాల మొదటి రెండు మాటల కింద గీత గీసి, ఆ రెండు కాగితాలూ నాకు పంపు. ఎర్రసిరాతో కాకుండా జవాబు రాస్తాను.